నాలుగు చుక్కలు నిలబడేదాకా: ఇంట్లో చేసిన అయస్కాంతం మోటారు జ్ఞాపకాలు

లో-వోల్టేజీకి పంపుసెట్లు కాలిపోయే ఎండాకాలాల్లో వైండింగ్ షాపు ముందు మోటార్లు బారులు తీరి ఉండేవి. లోపల వార్నిషు వాసన, మేకుకు తగిలించిన లెదరాయిడ్ కాగితం ముక్కలు, మూలన రాగి తీగ రీళ్లు. ఇంట్లో అయస్కాంతం మోటారు చేద్దామనుకున్న కుర్రాళ్లు ఆ గుమ్మంలో నిలబడేది రీలు అడుగున మిగిలే తీగ కోసమే. ఆ మోటారంటే అంచున అయస్కాంతాలు అంటించిన చక్రం, దాని ఎదురుగా తీగ చుట్టిన కాయిల్. అయస్కాంతం దాటిన ప్రతిసారీ కాయిల్‌లోకి క్షణకాలం కరెంటు వదిలితే అది చక్రాన్ని తోస్తుంది. తీగను కొలిచి కాదు, తూచి ఇచ్చేవాళ్లు. 32 గేజి తీగ 30 గ్రాములు తూగితే దాదాపు 56 మీటర్లు వస్తుంది. ఒక కాయిల్ చుట్టడానికి అంత చాలు.

డబ్బుల్లేనివాళ్లు కాలిన ఫ్యాను కాయిల్ విప్పి ఆ తీగ వాడేవాళ్లు. మొదటి దెబ్బ అక్కడే తగిలేది. కాలిన తీగ మీద ఎనామిల్, అంటే చుట్టు నుంచి చుట్టుకు కరెంటు పోకుండా ఆపే పూత, పైకి బాగానే కనిపిస్తుంది, వంచితే సన్నగా పగులుతుంది. పక్కపక్క చుట్లు ఒకదానికొకటి తగిలి షార్టవుతాయి. షార్టయిన చుట్టు ఊరికే ఉండదు. అయస్కాంతం దాని ముందు నుంచి పోయిన ప్రతిసారీ అందులో కరెంటు పుట్టి చక్రాన్ని వెనక్కి లాగుతుంది, అంటే మోటారులో మనమే ఒక బ్రేకు బిగించినట్టు. కాయిల్ చుట్టాక మీటరు పెట్టి చూడటం అందుకే. 32 గేజి రాగి తీగ మీటరుకు 0.29 ఓములు, 56 మీటర్లకు 16 ఓముల చిల్లర రావాలి. మీటరు 12 చూపిస్తే ఆ కాయిల్ మీద ఇంకో నిమిషం కూడా ఖర్చు పెట్టొద్దు, విప్పెయ్యాలి.

అసలు మోటారుకు ముందు పిన్నీసుల మోటారు అందరికీ తెలిసిందే. పెద్ద సెల్లు ఒకటి, దాని రెండు కొసలకు సైకిలు ట్యూబు రబ్బరుతో బిగించిన రెండు పిన్నీసులు, పైన ఓ అయస్కాంతం ముక్క, పది పదిహేను చుట్ల తీగ ఉంగరం. తీగ ఒక కొసను చుట్టూ గీకాలి, రెండో కొసను పై సగం మాత్రమే గీకాలి. రెండూ పూర్తిగా గీకేస్తే సగం చుట్టు ముందుకు తోసిన బలమే మిగతా సగంలో వెనక్కి తోస్తుంది, ఉంగరం వణుకుతూ ఆగిపోతుంది. కరెంటు సరైన సమయంలో వచ్చి సరైన సమయంలో పోవాలన్న సంగతి చేతికి తెలిసేది ఆ సగం గీకుడులోనే. తరవాత వచ్చిన రీడ్ స్విచ్, చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆడించే ట్రాన్సిస్టరు, అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సారు అన్నీ ఆ పనికే.

పెద్ద మోటారుకు అయస్కాంతం పాడైన స్పీకరులోంచి వచ్చేది. నల్లటి ఫెర్రైట్ రింగు. రేడియో రిపేరు షాపుల్లో చిరిగిన కోన్ల స్పీకర్లు అడిగితే ఇచ్చేవాళ్లు. హైదరాబాదువాళ్లకు కోఠీలో గుజరాతీ గల్లీ, ఆదివారం ఎర్రగడ్డ సంత ఉండనే ఉన్నాయి. రింగును గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టి ముక్కలు చేసేవాళ్లు. ఇక్కడ ఒక విచిత్రం జరుగుతుంది. ఇప్పుడే విరిగిన రెండు ముక్కల్ని విరిగినచోట మళ్లీ కలపబోతే కలవవు. సరిగ్గా అతికే పగులు, అయినా ఒకదాన్నొకటి నెట్టేస్తాయి. అయస్కాంతం చెడిపోయిందని వాటిని పారేసినవాళ్లున్నారు. అది చెడిపోవడం కాదు. స్పీకరు రింగులో ధ్రువాలు పై ముఖానికి ఒకటి, కింది ముఖానికి ఒకటి ఉంటాయి, మందం గుండా. ముక్కలు పక్కపక్కన చేరితే ఉత్తరం పక్కన ఉత్తరం, దక్షిణం పక్కన దక్షిణం. నెట్టుకోక ఏం చేస్తాయి! రింగుగా ఉన్నంతకాలం రాయిలాంటి ఆ పదార్థం గట్టితనమే వాటిని పట్టి ఉంచింది. ఒక ముక్కను తిరగేసి పెడితే ఠక్కున అతుక్కుంటుంది. అయస్కాంతం గురించి పుస్తకం చెప్పని విషయాన్ని ఒక్క సుత్తి దెబ్బ చెప్పేది, నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

ఇప్పుడు పాత హార్డ్‌డిస్కుల్లోంచి నియోడిమియం అయస్కాంతాలు వస్తున్నాయి. 1980ల మొదట్లో కనిపెట్టిన ఈ రకం ఫెర్రైట్ కన్నా మూడు నాలుగు రెట్లు బలమైనది. కానీ హార్డ్‌డిస్కు ముక్కకు ఒకే ముఖం మీద సగం ఉత్తరం, సగం దక్షిణం ఉంటాయి. దాన్ని అలాగే చక్రానికి అంటిస్తే ఒక్కో ముక్కా ఒకసారి తోస్తుంది, వెంటనే ఒకసారి లాగుతుంది. చక్రానికి మామూలు బిళ్లలే కావాలి. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్నవి సరిపోతాయి.

బేరింగుకు సైకిలు ముందు హబ్బును మించింది అప్పుడూ లేదు, ఇప్పుడూ పెద్దగా లేదు. పక్కకు 10 చొప్పున అంగుళంలో పదహారింట మూడు వంతుల బాల్సు. షాపులో పెట్టిన గ్రీజుతో తిప్పితే నాలుగు చుట్లు తిరిగి ఆగుతుంది. ఆ గ్రీజంతా కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, కుట్టుమిషను నూనె రెండే చుక్కలు వెయ్యాలి. ఇరుసు మీద బాల్సును నొక్కిపట్టే కోన్ బిగింపు ఓపిగ్గా చూసుకోవాల్సిన పని. బిగిస్తే తిరగదు, వదిలేస్తే చక్రం ఊగి అయస్కాంతం వెళ్లి కాయిల్‌ను కొడుతుంది. కోన్‌ను పూర్తిగా బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పి, లాక్‌నట్టు వేసి, ఇరుసు పట్టుకుని పక్కకు ఊపి చూడాలి. ఊగుడు వేలికి తెలిసీ తెలియనట్టుంటే అది సరైన బిగింపు. చక్రం తగిలించి చేత్తో ఒక్క విసురు విసిరితే నిమిషమైనా తిరగాలి. అంతకు ముందే ఆగితే కాయిల్ జోలికి పోకుండా మళ్లీ హబ్బు దగ్గరికే రావాలి.

ఆ హబ్బులో ఇంకో వరం దాగి ఉంది. మన సైకిళ్ల ముందు హబ్బుకు 32 చువ్వల రంధ్రాలు, పక్కకు 16. ప్రతి నాలుగో రంధ్రానికి గీత పెడితే కోణమానిని అక్కర్లేకుండా కచ్చితంగా 90 డిగ్రీలు వస్తుంది. ఆ మోటార్లలో నాలుగో ఎనిమిదో అయస్కాంతాలు కనిపించేది అందుకే, ఆరు కనిపించేది తక్కువ. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను 150 మిల్లీమీటర్ల వెడల్పు బిళ్లగా కోసి, అవే రంధ్రాల గుండా సన్న బోల్టులతో హబ్బుకు బిగిస్తే చక్రం సిద్ధం.

నాలుగు అయస్కాంతాలూ ఉత్తరం బయటికి చూసేలా అంచుకు అంటించాలి. దిక్సూచి ఎర్ర మొనను ఏ ముఖం నెట్టేస్తే అది ఉత్తరం. పరీక్షించిన వెంటనే గోళ్లరంగు చుక్క పెట్టెయ్యాలి, తరవాత పెడదాంలే అనుకుంటే కలిసిపోతాయి. నాలుగింటిలో ఒక్కటి తిరగబడినా మోటారు మొరాయించదు, కుంటుతుంది. మూడుసార్లు తోసి ఒకసారి లాగుతుంది కాబట్టి వేగం ఒకచోట ఆగిపోయి ఎంత సర్దినా పెరగదు. ఆ లోపాన్ని వెతకడానికి రోజులు పట్టేది, ఎందుకంటే అందరూ కాయిల్‌నే అనుమానిస్తారు.

అంటించడం గురించి గట్టిగా చెప్పాలి. ఫెవిక్విక్ పనికిరాదు. 20, 5 మిల్లీమీటర్ల నియోడిమియం బిళ్ల 12 గ్రాములు కూడా ఉండదు. అది ఇరుసు నుంచి 70 మిల్లీమీటర్ల దూరంలో 3000 ఆర్‌పీఎంతో, అంటే నిమిషానికి 3000 చుట్లు, తిరుగుతుంటే బయటికి లాగే బలం 8 కిలోల పైమాటే. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది, అంటే 33 కిలోలు. అరల్డైట్ పెట్టి ఒక రాత్రంతా ఆరనిచ్చి, దాని మీద నైలాను దారం అంచు చుట్టూ పది పన్నెండు వరసలు బిగించి చుట్టి, ఆ దారానికీ అరల్డైట్ పట్టించాలి. అప్పుడు కూడా తిరిగే చక్రం అంచుకు ఎదురుగా ముఖం పెట్టకూడదు. పక్క నుంచే చూడాలి. నిజమైన ప్రమాదం ఇదొక్కటే, మిగతావన్నీ నష్టాలు మాత్రమే.

కాయిల్‌కు 20 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం ముక్క, రెండు వైపులా ఫార్మైకా బిళ్లలు. మధ్య జాగా 20 మిల్లీమీటర్లు ఉంటే 600 చుట్లు సుఖంగా పడతాయి. పెద్ద సెల్లులు నాలుగు పెడితే 6 వోల్టులు, కరెంటు 370 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఉంటుంది. లోపల ఇనుము పెట్టాలా వద్దా అన్నది ఎప్పుడూ నడిచే వాదన. ఇనుము పెడితే తోపు బాగా పెరుగుతుంది, కానీ కరెంటు లేకపోయినా అయస్కాంతాలు ఆ ఇనుముకు వెళ్లి అతుక్కుంటాయి, చక్రం నాలుగుచోట్ల పట్టేస్తుంది. ఇనుము వైపు వచ్చేటప్పుడు దొరికిన లాగుడు వదిలి వెళ్లేటప్పుడు తిరిగి కట్టెయ్యాల్సిందే, లాభం లేదు. పెడితే మాత్రం గట్టి ఉక్కు బోల్టు కాకుండా, కట్టడాల్లో చువ్వలకు కట్టే బైండింగు తీగను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ వార్నిషు రాసి, కట్టగా దూర్చాలి. అది మెత్తటి ఇనుము, కరెంటు పోగానే అయస్కాంతత్వం వదిలేస్తుంది. ఒకే దిమ్మగా ఉన్న బోల్టులో సుడి కరెంట్లు పుట్టి అది వేడెక్కుతుంది. మొదట ఇనుము లేకుండా తిప్పి చూసి, తరవాత దూర్చడం మంచిది. ఆ తేడా కళ్లతో చూడాలి.

రీడ్ స్విచ్ దగ్గరకొస్తే, గాజు గొట్టంలో రెండు సన్నటి రేకులు, అయస్కాంతం దగ్గరికొస్తే అతుక్కుంటాయి. చాలామంది దాని నడుమును అయస్కాంతం ఎదుట పెట్టేవాళ్లు. సరిగ్గా నడుము ఎదుట అయస్కాంత క్షేత్రం రెండు రేకుల్లోకీ సమానంగా చీలిపోతుంది, స్విచ్ పడదు. కాస్త అటూ ఇటూ ఊగితే పడుతుంది, ఆగుతుంది, మళ్లీ పడుతుంది. గొట్టాన్ని ఇరుసుకు సమాంతరంగా పెట్టి, దాని ఒక కొస అయస్కాంతం దారిలోకి వచ్చేలా జరిపితే ఒక్కో అయస్కాంతానికి ఒక్క టిక్ శుభ్రంగా వినిపిస్తుంది. చెవి దగ్గర పెట్టుకుని చేత్తో చక్రం తిప్పితే లెక్కపెట్టొచ్చు, చుట్టుకు నాలుగు టిక్కులు. ఎనిమిది వినిపిస్తే స్థానం తప్పు.

రీడ్‌ను కాయిల్ పక్కన పెట్టకూడదు. కాయిల్‌లోకి కరెంటు వెళ్లగానే దాని సొంత క్షేత్రమే రీడ్‌ను పట్టేసి వదలదు, చక్రం ఆగి కాయిల్ కాలుతుంది. నాలుగు అయస్కాంతాలూ 90 డిగ్రీల దూరంలో ఉన్నాయి కాబట్టి రీడ్‌ను చక్రానికి అవతలి వైపు పెట్టుకోవచ్చు. చెక్క స్కేలుకు కట్టి, స్కేలును ఇరుసు చుట్టూ జరిపేలా అమర్చాలి. అయస్కాంతం కాయిల్ నడుమును దాటిన 5, 10 డిగ్రీలకు కరెంటు పడేలా మొదలుపెట్టి, తిరుగుతుండగా మిల్లీమీటరు మిల్లీమీటరు వెనక్కి జరపాలి. వేగం పెరిగేకొద్దీ కరెంటు ముందే పడాలి, ఎందుకంటే కాయిల్‌లో కరెంటు పెరగడానికి సమయం పడుతుంది. ఇనుము కట్ట ఉన్న ఇలాంటి కాయిల్‌కు అది ఒక మిల్లీసెకను చుట్టుపక్కల ఉంటుంది. 1500 ఆర్‌పీఎం దగ్గర ఆ ఒక్క మిల్లీసెకనులో చక్రం 9 డిగ్రీలు తిరిగిపోతుంది. స్కేలు జరుపుతుంటే మోటారు గొంతు మారడం, ఒకచోట అది ఒక్కసారిగా పైకి లేవడం... ఆ చోట పెన్సిలుతో గీత పెట్టుకోవాలి.

రీడ్ కొన్ని గంటలకే చచ్చిపోయేది. చీకట్లో చూస్తే గాజులో నీలి చుక్క మెరుస్తూ ఉంటుంది. స్విచ్ తెరుచుకున్న క్షణాన కాయిల్ తన కరెంటును ఆగనివ్వదు, వోల్టేజిని 6 నుంచి వందకు ఎగదోస్తుంది. కాయిల్ కొసలకు టెస్టరులోని నియాను బల్బు తగిలిస్తే 6 వోల్టుల సెల్లులతో అది నారింజ రంగులో వెలుగుతుంది. దానికి 90 వోల్టుల దాకా కావాలి! ఆ కొసల్ని వేళ్లతో పట్టుకున్నవాళ్లకు ఇంకా బాగా తెలిసేది. గంటకు 3 లక్షల 60 వేల మెరుపులు పడితే రేకులు కరిగి అతుక్కోక ఏం చేస్తాయి. పెన్సిలుతో తడితే ఊడివచ్చి ఇంకాసేపు నడిచేది. మందు, కరెంటును ఒక వైపే పోనిచ్చే 1ఎన్4007 డయోడు, దాని తెల్ల గీత పాజిటివ్ వైపు ఉండేలా కాయిల్‌కు అడ్డంగా. తిరగేసి పెడితే సెల్లులు నేరుగా షార్టవుతాయి. డయోడు పెట్టాక కరెంటు నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి మరీ ఎక్కువ వేగాల్లో ఆ తోక చక్రాన్ని కొంచెం పట్టుకుంటుంది. డయోడుకు వరసలో 22 ఓముల రెసిస్టరు పెడితే ఆ పట్టు తగ్గుతుంది.

తరవాతి మార్పు ట్రాన్సిస్టరు. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారి ఎస్ఎల్100, ఇనుప టోపీ, పక్కన చిన్న ముక్కు. ఎమిటర్, బేస్, కలెక్టర్ అని దానికి మూడు కాళ్లు. ముక్కు దగ్గరి కాలు ఎమిటర్. టోపీయే కలెక్టర్, పక్కన ఏ తీగ తగిలినా షార్టే. రీడ్ ఇక ట్రాన్సిస్టరును పలికించే చిన్న బేస్ కరెంటు మాత్రమే మోస్తుంది. 220 ఓముల రెసిస్టరుతో 24 మిల్లీ ఆంపియర్లు, అంటే కాయిల్ కరెంటులో పదిహేనో వంతు. మెరుపు పోయింది, రీడ్ బతికింది. 12 వోల్టులకు వెళ్లాలనుకున్నవాళ్లు ఇంకా పెద్ద ట్రాన్సిస్టరు 2ఎన్3055కి మారారు. అదే కాయిల్ మీద పక్కనే ఇంకో సన్న తీగ చుట్టి, అయస్కాంతం రాకతో అందులో పుట్టే వోల్టేజీతోనే ట్రాన్సిస్టరును నడిపి, రీడ్‌ను పూర్తిగా తీసేసిన మోటార్లూ చాలా ఉన్నాయి. దానికి చేత్తో మొదటి విసురు కావాలి. తిరగకపోతే ఆ సన్న తీగ కొసలు రెండూ మార్చి చూడాలి, సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయి.

హాల్ సెన్సారు వచ్చాక కొత్త తరం కొత్త తప్పులు చేసింది. ఎ3144 అనే హాల్ సెన్సారు తన అక్షరాల ముఖానికి దక్షిణ ధ్రువం వస్తేనే పలుకుతుంది. పాత చక్రం మీద అన్నీ ఉత్తరాలే. సెన్సారు పాడైందని మూడు మార్చినవాళ్లకు దాన్ని వెనక్కి తిప్పితే చాలని తోచదు. రెండో తప్పు ఖరీదైనది. అయస్కాంతం ఎదురుగా ఉన్నప్పుడు దాని అవుట్‌పుట్ కిందికి పడుతుంది, లేనప్పుడు పైనుంటుంది. దాన్ని నేరుగా కాయిల్ కరెంటును నడిపే మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టరుకు ఇస్తే అయస్కాంతం లేనంతసేపూ కాయిల్‌లో కరెంటు పారుతుంది. చక్రం కదలదు, కాయిల్ మాత్రం వాసన వస్తుంది. మధ్యలో ఒక బీసీ547 ట్రాన్సిస్టరు పెట్టి తిరగెయ్యాలి. ఐఆర్ఎఫ్‌జడ్44 మాస్‌ఫెట్‌ను తెరిచే కాలుకు (గేటుకు) 5 వోల్టులిస్తే సగమే తెరుచుకుని వేడెక్కుతుంది, 10 వోల్టులు ఇవ్వాలి.

ఈ దారిలో నడిచిన ప్రతివాళ్లకూ ఒక కల వచ్చేది. సెల్లులు తీసేసి అయస్కాంతాలతోనే తిప్పలేమా అని. ఆ కల పాతది. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు చువ్వల్లో పాదరసం నింపి తనంతట తిరిగే చక్రాన్ని వర్ణించాడు. 1775లో పారిస్ సైన్స్ అకాడమీ ఇలాంటి యంత్రాల ప్రతిపాదనలు ఇక చూడబోమని చెప్పేసింది. 1979లో కూడా అమెరికాలో శాశ్వత అయస్కాంతాలతో నడిచే మోటారుకు పేటెంటు ఇచ్చారు. డ్రమ్ము మీద అయస్కాంతాలను వి ఆకారంలో అతికిస్తే చక్రం నిజంగానే పరుగెత్తుతుంది, వి మొదలూ చివరా కలిసేచోటుకు వచ్చి ఆగిపోతుంది. అక్కడిదాకా ఎంత శక్తి ఇచ్చిందో దాటడానికి సరిగ్గా అంతా అడుగుతుంది. మధ్యలో ఇనుప రేకు అడ్డం పెడితే ఆ రేకును లాగడానికి అంతా పోతుంది. ఆ కలిసేచోటునే గేటు అంటారు. ఆ గేటు దగ్గర ఎన్ని రాత్రులు గడిచాయో! అయినా ఆ ప్రయత్నాన్ని నేను తక్కువ చెయ్యను. ఆ గేటును వేలితో దాటించి బరువు చూసినవాళ్లకు శక్తి నిత్యత్వం చేతికి తెలుస్తుంది.

ఇలా కరెంటును విడివిడి తోపులుగా (పల్సులుగా) తీసుకునే పల్స్ మోటారు తీసుకున్నదానికన్నా ఎక్కువ ఇస్తోందని అనిపించే సందర్భాలు రెండు. వేగం పెరిగేకొద్దీ మీటరులో కరెంటు తగ్గుతుంది. తిరిగే అయస్కాంతం కాయిల్‌లో ఎదురు వోల్టేజి పుట్టించడం వల్లా, కరెంటు పూర్తిగా పెరిగేలోపే స్విచ్ తెరుచుకోవడం వల్లా అది జరుగుతుంది. రెండోది, మోటారు ఆపాక బ్యాటరీ వోల్టేజి దానంతట అదే కాస్త పైకి లేస్తుంది. లోడు తీసేస్తే ఏ బ్యాటరీ అయినా అలాగే చేస్తుంది. నిజం తెలియాలంటే ఇరుసు మీద 20 మిల్లీమీటర్ల వెడల్పు కప్పీకి దారం చుట్టి బ్రేకు వెయ్యాలి. దారం 10 గ్రాముల బరువు లాగుతుండగా 1000 ఆర్‌పీఎం నిలబడితే బయటికి వచ్చేది 0.1 వాట్. లోపలికి సగటున 100 మిల్లీ ఆంపియర్లు, 6 వోల్టులు, అంటే 0.6 వాట్. ఆరింట ఒక వంతు. ఇంట్లో చేసిన మోటారుకు అది చిన్నతనమేమీ కాదు, కాయిల్‌కూ అయస్కాంతానికీ మధ్య ఖాళీ పావు మిల్లీమీటరు తగ్గించినా, స్కేలు ఒక గీత జరిపినా ఆ అంకె మారుతుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చి, మారిందో లేదో కొలిచి రాసుకోవాలి.

వేగం కొలవడానికి టాకోమీటరు ఎవరి దగ్గరుండేది? చక్రం ముఖం మీద అవే చువ్వల రంధ్రాల గీతల వెంట 90 డిగ్రీలకొకటి చొప్పున నాలుగు తెల్ల చుక్కలు పెట్టేవాళ్లు. ఇనుప చోక్ ఉన్న ట్యూబ్‌లైటు మన 50 సైకిళ్ల కరెంటుకు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. చక్రం సెకనుకు 25 చుట్లు తిరిగితే, ప్రతి మిణుకుకూ ఒక చుక్క వెళ్లిన చోటికి ఇంకో చుక్క వస్తుంది. స్కేలు జరుపుతుంటే పాకుతూ వెనక్కి నడిచే చుక్కలు నెమ్మదిస్తాయి, ఆగుతాయి. చక్రం గింగిరాలు తిరుగుతూనే ఉంటుంది, నాలుగు చుక్కలు మాత్రం గోడకు కొట్టిన మేకుల్లా నిలబడతాయి. అది 1500 ఆర్‌పీఎం. ముందుకు నడవడం మొదలుపెడితే దాటినట్టు. 750 దగ్గర కూడా నిలబడతాయి, కానీ అప్పుడు నాలుగు బదులు ఎనిమిది మసక చుక్కలు కనిపిస్తాయి. ఎలక్ట్రానిక్ చోక్ ట్యూబు కిందా, మంచి ఎల్ఈడీ కిందా ఈ పని జరగదు. చుక్కలు కలిసిపోయి తెల్ల వలయమవుతాయి. పాత ఇనుప చోకు, స్టార్టరు ఉన్న పట్టీ ఇంట్లో ఎక్కడైనా మిగిలి ఉంటే దాన్ని పారెయ్యకుండా పనిబల్ల మీద బిగించుకోండి.